ప్రయాణాలకూ గుడారపు మకాములకూ కత్తి ఎంచుకోవడం ఎలా

ప్రయాణాలకు పనికొచ్చే కత్తి కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనబడేవి నల్లటి బ్లేడు, వెన్ను మీద రంపపు పళ్లు, పిడి చివర దిక్సూచి ఉన్న పెద్ద కత్తులు. అనంతగిరి కొండల్లోనో, లంబసింగిలోనో, గండికోట లోయ అంచునో గుడారం వేసుకొని ఒకటి రెండు రాత్రులు గడిపి వచ్చే మనిషికి వాటితో పడే పని దాదాపు ఏమీ ఉండదు. ఉల్లిపాయ తరగడానికి ఆ బ్లేడు మరీ మందం, సంచిలో మోయడానికి బరువు, తనిఖీలో చూపించడానికి ఇబ్బంది. అందుచేత ఎంపికను దుకాణం దగ్గర కాకుండా రెండు ప్రశ్నల దగ్గర మొదలుపెట్టాలి. ఆ కత్తి ఏమేం కోయాలి, ఎక్కడెక్కడి తనిఖీలు దాటాలి? ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకుంటే చివరికి మిగిలేది చాలాసార్లు చిన్న కత్తే.

మకాములో జరిగే కోత పనులు ఏమిటో ఒకసారి వరసగా తలచుకోండి. ఉల్లిపాయలు, టమాటాలు, పచ్చిమిరపకాయలు తరగాలి. జామకాయో దోసకాయో కోయాలి. నూనె, పాల ప్యాకెట్ల మూతి కత్తిరించాలి. నైలాన్ తాడు తెంపాలి, టేపు ముక్క కోయాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే కట్టుగుడ్డ కత్తిరించాలి, పొయ్యి రాజేయడానికి ఎండుపుల్లను సన్నగా చెక్కాలి. మూడు నుంచి నాలుగు అంగుళాల బ్లేడు వీటన్నిటికీ సరిపోతుంది. అంతకంటే పెద్ద కత్తి కావాలనిపించే పనులు రెండే ఉన్నాయి. ఒకటి కోడి ముక్కలు కొట్టడం, రెండోది కొబ్బరిబోండాం చెక్కడం. కోడిని దుకాణంలోనే ముక్కలు కొట్టించి డబ్బాలో పెట్టుకొని వెళ్లవచ్చు, బోండాం సంగతి దారిలో బండి మీద అమ్మేవాడే చూసుకుంటాడు. సన్నటి బ్లేడుతో ఎముక కొట్టబోతే పదును అంచు పెళ్లలుగా ఊడి కత్తి పాడవుతుందన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.

కత్తి దాటవలసిన తనిఖీలు

విమాన ప్రయాణం సంగతి సూటిగా తేలిపోతుంది. చేతిసంచిలో ఏ కత్తినీ, తాళాల గుత్తికి వేలాడే చిన్న చాకును సైతం అనుమతించరు. ఒరలో పెట్టి, గుడ్డతో గట్టిగా చుట్టి, కౌంటరులో అప్పగించే పెట్టెలో వేయవలసిందే. సామాను తనిఖీ చేసే వ్యక్తి చేయి పెట్టినా తెగకూడదన్నది ఈ చుట్టడంలోని ఉద్దేశం. ఉత్తరాఖండ్, హిమాచల్ ట్రెక్కులకు వెళ్లేవారిలో చాలామంది వెళ్లేటప్పుడు జాగ్రత్తగానే సర్దుకొని, తిరుగు ప్రయాణంలో చాకును నడుము పర్సులో మరిచి పోగొట్టుకుంటారు. పదునైన వస్తువులన్నిటికీ ఎరుపో నారింజో రంగున్న చిన్న సంచి ఒకటి కేటాయించి, వాడిన వెంటనే అందులోకే చేర్చే అలవాటు చేసుకుంటే ఈ నష్టం తప్పుతుంది. చేతిసంచి ఒక్కదానితోనే విమానం ఎక్కేవారు కత్తి సంగతి మరిచిపోయి, దిగిన ఊరి బజారులో కూరగాయల చాకు కొనుక్కోవడమే మేలు. అమెరికాలో ఇరుసు నుంచి నాలుగు అంగుళాల లోపు అలుగులున్న కత్తెరను చేతిసంచిలో అనుమతిస్తారు, కానీ అక్కడి సడలింపును నమ్ముకొని ఇక్కడి విమానం ఎక్కబోతే కత్తెర పోతుంది.

రోడ్డు మీద, రైలులో వెళ్లేటప్పుడు వర్తించేది ఆయుధాల చట్టం, 1959. దాని కింద 2016లో వచ్చిన నియమాలు కత్తులు, బాకులు, బల్లేల వంటివాటిని ఒక వర్గంగా పేర్కొంటూ, 9 అంగుళాలకు మించిన పొడవు గానీ 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న బ్లేళ్లను అందులో చేర్చి, ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు తయారైనవాటిని మినహాయించాయి. అలాంటి పెద్ద కత్తుల విషయంలో ప్రాంతాన్ని బట్టి లైసెన్సు నిబంధనలు వర్తిస్తాయి. ఎన్నికలప్పుడు, ఉద్రిక్తతలున్నప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షన్ (పాత 144వ సెక్షన్ స్థానంలో వచ్చినది) కింద నిషేధాజ్ఞలు ఇచ్చి, ఏ ఆయుధాన్నీ పట్టుకొని తిరగకూడదని ఆదేశించే వీలు కూడా ఉంది. కొలత ఎంత ముఖ్యమో సందర్భమూ అంతే ముఖ్యం. కల్లుగీత కార్మికుడు నడుముకు కట్టుకున్న కత్తిని చూసి ఊళ్లో ఎవరూ ఆగరు, అదే కత్తి రాత్రిపూట నగరంలో ఒక కుర్రవాడి బైకు డిక్కీలో దొరికితే పోలీసులు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. కాబట్టి కత్తిని జేబులోనో బెల్టుకో కాక గుడారం, పొయ్యి, వంటపాత్రలతో కలిపి ఒకే సంచిలో అడుగున ఉంచండి. అది ఎందుకున్నదో ఆ సామానే చెబుతుంది.

అడవిలో మకాం అనుకునేవారు తప్పక తెలుసుకోవలసింది మరొకటి ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులు, విల్లంబులు, ఉచ్చులు, వలలతో పాటు కత్తులు కూడా ఉన్నాయి. అదే చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఆయుధంతోనూ అభయారణ్యంలోకి ప్రవేశించకూడదు. జాతీయ ఉద్యానాలకూ ఇది వర్తిస్తుంది. అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాలకు గానీ పాపికొండల వైపు గానీ వెళ్తున్నప్పుడు, గది లేదా సఫారీ బుక్ చేసుకునేటప్పుడే వంటకత్తి తేవచ్చా అని అటవీ సిబ్బందిని అడగాలి. కాదంటే ఇంట్లోనే వదిలి వెళ్లాలి. అటవీ శాఖ కుటీరాలలో బస చేసేవారికి వంట ఏర్పాట్లు మామూలుగా అక్కడే ఉంటాయి కనుక పోయేదేమీ లేదు. తిరుమల వెళ్లి, అటునుంచి అటే మకాముకు పోదామనుకునేవారు అలిపిరిలో ప్రతి సంచినీ స్కానర్ గుండా పంపిస్తారని లెక్కలో వేసుకొని, కత్తుల సంచిని కింద బసలో వదిలి వెళ్లాలి.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి ఒక మాట. అక్కడ బహిరంగ ప్రదేశంలో కారణం చెప్పనక్కరలేకుండా వెంట ఉంచుకోగలిగినది మూడు అంగుళాలకు మించని బ్లేడు ఉండి, తెరిచాక లాక్ పడని మడత చాకు మాత్రమే. మిగతావాటికి తగిన కారణం చూపించాలి. మకాముకు వెళ్తున్న రోజున ఆ కారణం ఉంటుంది. తర్వాతి వారం కారులో మరిచిపోయిన కత్తికి అదే కారణం పనికిరాదు.

మడత చాకా, ఒర కత్తా?

మడత చాకు సంచిలో తక్కువ చోటు తీసుకుంటుంది, ఒర అక్కరలేదు, చూసేవారిని భయపెట్టదు. దానిలో ముందుగా పరిశీలించవలసింది లాక్. లాక్ లేని రకంలో బ్లేడును వెన్ను దగ్గరి స్ప్రింగు ఒక్కటే పట్టి ఉంచుతుంది. పండు కోయడానికి, ప్యాకెట్ చింపడానికి అది చాలు. మొనతో పొడిచి రంధ్రం చేయబోతే మాత్రం బ్లేడు వేళ్ల మీదికి మడుచుకునే ప్రమాదం ఉంది. లాక్ ఉన్నవాటిలో పిడి లోపలి పలుచని లోహపు పట్టీ బ్లేడు మడమకు అడ్డుపడే రకం ఎక్కువగా దొరుకుతుంది. కొనేముందు బ్లేడు తెరిచి, పదునువైపు వేళ్లు లేకుండా పట్టుకొని, వెన్నును బల్ల అంచుకు మెల్లగా తట్టి చూడండి. లాక్ జారినా, బ్లేడు అటూ ఇటూ కదిలినా ఆ చాకును అక్కడే వదిలేయాలి.

ఫ్రాన్సులోని సావోయి ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన చెక్కపిడి చాకు ఇప్పటికీ చవకలో మంచి ఎంపిక. 1955 నుంచి దానికి తిప్పితే బిగుసుకునే ఉక్కు ఉంగరం లాక్‌గా వస్తోంది. 8వ నంబరు బ్లేడు 8.5 సెంటీమీటర్లు ఉంటుంది, పలుచగా ఉండి కూరగాయలను చక్కగా తరుగుతుంది. తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు బయటికి రాకుండా బిగుసుకుపోవడం దాని లోపం. వానాకాలంలో అరకు వెళ్లేవారు ప్లాస్టిక్ పిడి రకం చూసుకోవడం మంచిది. స్విట్జర్లాండ్‌లోని ఈబాఖ్ పట్టణం నుంచి వచ్చే విక్టోరినాక్స్ ఎర్రచాకు సంగతి వేరు. 1897లో కార్ల్ ఎల్సెనర్ నమోదు చేయించిన సైన్యాధికారుల చాకు నుంచి వచ్చిన ఆ వంశంలో, మడిచినప్పుడు 91 మిల్లీమీటర్లుండే నమూనాల్లో బ్లేడు కంటే కత్తెర, చిన్న రంపం, డబ్బామూత తెరిచే పనిముట్టు ఎక్కువగా ఉపయోగపడతాయి. పర్యాటక స్థలాల్లో అదే ఎర్రరంగుతో దొరికే నకిలీల బ్లేళ్లు మెత్తటి లోహంతో చేసినవి కావడంతో వారంలోనే మొద్దుబారిపోతాయి.

పటకారుతో పాటు చాకు, మరికొన్ని పనిముట్లు ఒకే పిడిలోకి మడుచుకునే మల్టీటూల్ అందరికీ అక్కరలేదు. అమెరికాకు చెందిన టిమ్ లెదర్‌మన్ 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతూ, తన జేబుచాకులో పటకారు కూడా ఉంటే బాగుండునని అనుకోవడంతో ఆ ఆలోచన మొదలై, 1983లో పోర్ట్‌లాండ్ నుంచి మొదటి నమూనా బజారుకు వచ్చింది. దాని పుట్టుక కథే అది ఎవరికి అవసరమో చెబుతుంది. బైకు మీద లద్దాఖ్ వెళ్లేవారికి, సొంత కారులో దూరాలు తిరిగేవారికి, పొయ్యి బర్నరు విప్పి శుభ్రం చేసుకునేవారికి అది అక్కరకొస్తుంది. పూర్తి పరిమాణంలోని మల్టీటూళ్లు చాలావరకు 200 గ్రాములు దాటతాయి కనుక వీపున సంచితో కొండ ఎక్కేవారు రెండుసార్లు ఆలోచించుకోవాలి.

వంట ప్రధానమైతే ఒరలో పెట్టుకునే మడవని కత్తే మేలన్నది నా అభిప్రాయం. మడత ఉండదు కనుక ఉల్లిరసం, మాంసపు తడి లోపల చేరవు, కడగడం తేలిక, లాక్ గురించిన భయం లేదు. స్వీడన్‌లోని మోరా పట్టణంలో తయారయ్యే పది సెంటీమీటర్ల కత్తులు ప్లాస్టిక్ ఒరతో సహా వస్తాయి. చెక్క చెక్కడానికి వాటిని మించినవి ఆ ధరలో తక్కువ. అయితే వంటగదిలో ఇప్పటికే ఉన్న నాలుగు అంగుళాల కూరగాయల చాకుకు మందపాటి అట్టను మడిచి, టేపు చుట్టి ఒర చేసుకుంటే చాలామందికి కొత్త కత్తి కొనే అవసరమే రాదు. కత్తి కంటే ఎక్కువగా మరిచిపోయే వస్తువు కోతపలక. రాతిమీదో స్టీలు పళ్లెంలోనో కోస్తే ఎంత మంచి పదునైనా ఒక్క పూటలో పోతుంది, చేతిలో పట్టుకొని కోస్తే బొటనవేలు తెగుతుంది. పుస్తకం మూతంత పలుచని ప్లాస్టిక్ పలక ఒకటి సంచిలో నిలువుగా పెట్టుకోండి. దానితో పాటు ఒక మంచి కత్తెర ఉంటే ప్యాకెట్లు, టేపు, కట్టుగుడ్డ అన్నీ దానితోనే అయిపోతాయి, పిల్లలున్న మకాముల్లో కత్తి బయటికి తీసే సందర్భాలు సగానికి సగం తగ్గుతాయి.

ఏ ఉక్కు, ఎంత గట్టిదనం

కార్బన్ ఉక్కు తొందరగా పదునెక్కుతుంది, తొందరగా తుప్పు పడుతుంది. నిమ్మకాయ, పచ్చిమామిడి, చింతపండు తగిలిన చోట నల్లటి మరక వస్తుంది. కాలక్రమంలో బ్లేడంతా బూడిదరంగుకు తిరగడం చెడు లక్షణం కాదు, ఎర్రటి పొడిలా రాలేదే తుప్పు. సూర్యలంక, భీమిలి వంటి సముద్రతీరాల్లో ఉప్పుగాలి వల్ల కార్బన్ ఉక్కు రాత్రికి రాత్రే మచ్చలు పడుతుంది కనుక అక్కడికి స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకెళ్లాలి. క్రోమియం పాలు దాదాపు 10.5 శాతం దాటితే ఉక్కు తుప్పును తట్టుకుంటుంది. అట్టపెట్టె మీద ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ అంకె రాసి ఉంటే 55 నుంచి 58 మధ్య ఉన్నది ఎంచుకోండి. 60 దాటినవి పదును ఎక్కువకాలం నిలుపుకుంటాయి గానీ తేలికగా పెళ్లలు ఊడతాయి, మకాములో చిన్న సానరాయితో నూరుకోవడానికి లొంగవు. బ్లేడు మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు చాలు. సగం రంపపు పళ్లున్న బ్లేడు తాడు బాగానే కోస్తుంది, కానీ ఆ పళ్లను ఇంట్లో నూరుకోవడం కష్టం.

ఊరి కొలిమిలో లారీ కమాన్ కట్ట ముక్కతో చేయించుకునే కత్తిని తక్కువ అంచనా వేయకూడదు. ఆ ఉక్కు మంచిదే, ఫలితమంతా కమ్మరి దానికి ఎలా నీళ్లు పెట్టాడన్న (కాల్చి ముంచి గట్టిపరిచాడన్న) దాని మీద ఆధారపడి ఉంటుంది. తీసుకునేటప్పుడు అంచు మీద ఆకురాయిని తేలికగా నడిపి చూడండి. ఆకురాయి లోహాన్ని సులువుగా కొరికితే కత్తి మెత్తన, గాజు మీద నడిచినట్టు జారిపోతే మరీ పెళుసు, కొద్దిగా పట్టీ పట్టనట్టుంటే సరైనది.

రంపం, గొడ్డలి, కొడవలి

రిజర్వు అడవిలో చెట్టు కొట్టడం నేరం, పడి ఉన్న కట్టె ఏరడానికి సైతం అనుమతి అడగాలి. కనుక గొడ్డలి వల్ల ఒరిగేది తక్కువ. అలవాటు లేని చేతిలో అది కట్టె మీద జారి నేరుగా మోకాలి కింది ఎముకకు తగులుతుంది. సొంత పొలంలోనో, కట్టె కొట్టుకోవడానికి ఒప్పుకున్న ప్రైవేటు స్థలంలోనో మకాం అయితే, లాగినప్పుడు కోసే పళ్లున్న ఆరు, ఏడు అంగుళాల మడత రంపం మణికట్టంత ఎండుకొమ్మను నిమిషాల్లో తెంపుతుంది. కొడవలి ముళ్లకంప తొలగించడానికి మంచి పనిముట్టే. అయితే దాని కోత మనవైపే వస్తుంది కనుక ఊళ్లో దానితో పెరిగినవారికే అది అప్పగించాలి.

వాడకం, నూరడం

కత్తి తెరిచేముందు చేయి చాచి చుట్టూ తిప్పండి, ఆ మేరలో ఎవరూ ఉండకూడదు. పుల్ల చెక్కేటప్పుడు ఒళ్లో పెట్టుకొని చెక్కవద్దు. తొడ లోపలివైపు పెద్ద ధమని ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, శరీరానికి ఎడంగా, బయటివైపు కోయాలి. చేతి నుంచి జారిన కత్తిని పట్టుకోబోకుండా వెనక్కి అడుగు వేయాలి. మరొకరికి ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టడం కంటే పలక మీద పెట్టి, వారిని తీసుకోనివ్వడం మంచిది. చీకటి పడ్డాక తలకు కట్టుకునే దీపం లేకుండా కోత పని పెట్టుకోవద్దు. మందు మొదలయ్యేలోగా కత్తులన్నీ వాటి సంచిలోకి చేరిపోవాలి.

మొద్దుబారిన కత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టినప్పుడే అది జారుతుంది. బయల్దేరే ముందు రోజు ఇంట్లో నూరుకోవడం ఉత్తమం. బ్లేడును రాయి మీద నిలువుగా పట్టుకొని, ఆ కోణాన్ని సగం చేసి, మళ్లీ సగం చేస్తే దాదాపు 22 డిగ్రీలు వస్తుంది. మకాము కత్తికి అది సరైన వాలు. తడిపిన 1000 నంబరు (గరుకు ఎంత సన్ననో చెప్పే అంకె) రాయి మీద ఒకవైపు నూరుతూ, రెండోవైపు అంచున వేలికి సన్నటి గరుకు తగిలేదాకా ఆగకూడదు. ఆ తర్వాత రెండోవైపు అలాగే నూరి, చివరికి పాత తోలు బెల్టు లోపలివైపు మీద వెనక్కి లాగుతూ పది పదిహేనుసార్లు రుద్దాలి. పండిన టమాటా తోలు మీద బరువు వేయకుండా లాగితే దిగాలి. మకాములో రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం మీద నాలుగుసార్లు నూరినా ఆ పూటకు గడుస్తుంది.

ఇంటికి రాగానే మడత చాకును గోరువెచ్చటి నీళ్లలో తెరిచి మూసి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కార్బన్ ఉక్కుకు పలుచగా కొబ్బరినూనె రాస్తే చాలు. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కనుక కత్తిని నెలల తరబడి అందులోనే ఉంచకుండా, పాత పత్రిక కాగితంలో చుట్టి విడిగా దాచాలి.

వేలు తెగితే కాఫీపొడి, పసుపు అద్దవద్దు, అవి గాయం లోపలికి వెళ్లి డాక్టరు శుభ్రం చేసే పనిని పెంచుతాయి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి గుండెకంటే ఎత్తున ఉంచి, మధ్యలో తీసి చూడకుండా పది నిమిషాలు పట్టుకోండి. ఆ తర్వాత తాగే నీటితో కడిగి కట్టుకట్టండి. రక్తం ఆగకపోయినా, వేలి చివర స్పర్శ తెలియకపోయినా, వేలు ముడవలేకపోయినా తెల్లవారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ అందని చోట్లు చాలా ఉంటాయి కనుక దగ్గరి ఆసుపత్రి ఏ ఊళ్లో ఉందో, మారేడుమిల్లి నుంచైతే రంపచోడవరం, బయల్దేరేముందే కాగితం మీద రాసి కట్టుగుడ్డల డబ్బాలో పెట్టుకోండి. టెటనస్ టీకా ఎప్పుడు వేయించుకున్నారో అదే కాగితం మీద రాసుకుంటే అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలలో ఒకదానికి జవాబు సిద్ధంగా ఉంటుంది.